సూదయ్య తవ్విన నిండు చెలమ

ఆ ఏడు ఎండలకు అడవిలో వాగు ఇసక తేలిపోయింది. పెద్ద జంతువులు కొండ అవతలి మడుగు దాకా నడిచి గొంతు తడుపుకుంటున్నాయి. అంత దూరం నడవలేని పసికూనలకు నీళ్లెలాగో ఎవరికీ పాలుపోలేదు.

సూదయ్య అనే ముళ్లపందికి తవ్వడంలో మంచి పేరు. వాగు ఇసకలో చెలమ తవ్వుతానని తనే ముందుకొచ్చాడు. తవ్వి ఊరుకుంటే ఎంత బాగుండేది! పాపం, అతనికి చదువంటే మోజు. ఆ మోజు సంగతి నక్కకు తెలుసు.

"తవ్వితే సరిపోతుందా బావా? మనుషులు ఏ పని తలపెట్టినా ముందు దానికో బాట గీస్తారు. బడి వెనక పొదల్లో కూర్చుని అంతా విన్నాను" అంది నక్క.

"అదెలా గీస్తారు?"

నక్క ఇసకలో నాలుగు సున్నాలు చుట్టి, వాటిని గీతలతో కలిపింది.

"మొదటిది మనం పెట్టేది, అంటే నీ గోళ్లూ నీ కష్టమూ. రెండోది చేసే పని, తవ్వకం. మూడోది చేతికొచ్చేది, నీళ్లు. నాలుగోది చివరికి మారేది, పిల్లలు ఎండాకాలం గట్టెక్కడం. ఒకటి నిండితే పక్కది దానంతటదే నిండుతుంది."

సూదయ్య మురిసిపోయాడు. తన ముల్లే ఒకటి పట్టుకుని అదే బొమ్మ మళ్లీ మళ్లీ గీసుకున్నాడు. కొత్తగా ఈనిన దుప్పి చుక్కమ్మ అటుగా వచ్చి బొమ్మను చాలాసేపు చూసింది.

"అన్నా, మూడో సున్నాకూ నాలుగో సున్నాకూ మధ్య ఏముంది?"

"గీత ఉంది కదమ్మా."

"గీత సరే. నీళ్లు ఊరినంత మాత్రాన నా బిడ్డ నోట్లో పడతాయా? ఎటు నుంచి దిగాలి, ఎవరు దిగనిస్తారు?"

"ఇవన్నీ చదువుకున్నవాళ్ల విషయాల్లే" అని నక్క నవ్వింది. సూదయ్య కూడా నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

చెలమలో నీళ్లు ఊరాయి. వెంటనే నక్క ఇంకో సలహా పడేసింది. "అడవిదున్నలు దిగి బురద చేస్తాయి బావా. చుట్టూ నీ ముళ్లు నాటు. కాపలాకు నేనుంటాను, నాకో సందు వదులు. చెలమ నిండుగా ఉంటే మన పని సాగుతున్నట్టే."

సూదయ్య నమ్మాడు. ముళ్లపంది కదా, పగలంతా బొరియలో నిద్ర. పొద్దు వాలాక వచ్చి చూస్తే చెలమ నిండుగా కనిపించేది. హాయిగా నిట్టూర్చి దుంపల వేటకు పోయేవాడు. మధ్యాహ్నాలు నక్క ఒక్కతే చల్లటి నీళ్లు తాగి ఆ సందులో పడుకునేదని అతనికి తెలియదు.

ఒక సాయంత్రం చుక్కమ్మ ఎదురొచ్చింది. "అన్నా, పిల్లల మూతులకు ముళ్లు గుచ్చుకుంటున్నాయి. సందు వైపు పోదామంటే నక్క వాసన."

"చెలమ చూడు చెల్లెమ్మా, ఎంత నిండుగా ఉందో! మూడోది నిండింది. ఇక నాలుగోది ఎంతసేపు?"

చుక్కమ్మ బిడ్డను వెంటబెట్టుకుని వెనక్కి మళ్లింది.

తర్వాత కొద్ది రోజులకే, సూదయ్య వచ్చేసరికి ముళ్ల పక్కన చుక్కమ్మ బిడ్డ పడి ఉంది. మూతిలో ముల్లు దిగి ఉంది. ఆ ముల్లు తనది. గబగబా పీకేశాడు, ఆకులో నీళ్లు తెచ్చి పెదాలకు ఆనించాడు. నీళ్లు పక్కకు కారిపోయాయి.

నక్క వచ్చి, "నీ తప్పేం లేదు బావా. చెలమ ఇప్పటికీ నిండుగానే ఉంది కదా" అంది. అప్పుడు అర్థమైంది సూదయ్యకు. ఎవరూ తాగకపోబట్టే అది నిండుగా ఉంది. ముళ్లన్నీ విదిల్చి నక్క మీదికి దూకాడు. అది తోక ముడిచి పారిపోయింది గానీ, అంతకు ముందే కడుపు నిండా నీళ్లు తాగింది.

"అన్నా, ఒక్కసారి మధ్యాహ్నం పూట వచ్చి చూడాల్సింది" అంది బిడ్డ పక్కనే నిలబడి ఉన్న చుక్కమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉంటే సూదయ్యకు కాస్త తేలికగా ఉండేది.

నాటిన ముళ్లన్నీ పీకి పారేశాడు. మర్నాడు ఎర్రటి ఎండలో నిద్ర మానుకుని చెలమ దగ్గర కూర్చున్నాడు. మిగిలిన పిల్లలు భయం భయంగా వచ్చి, తోసుకుంటూ తాగాయి. నీళ్లు బురదయ్యాయి, చెలమ అడుగంటింది. చుక్కమ్మ ఒంటరిగా దూరంగా నిలబడి చూస్తోంది. ఆమె వైపు తలెత్తి చూడలేక సూదయ్య మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు.

పని జరిగిందని సంబరపడే ముందు, అది ఎవరి కోసమో వాళ్లకు అందిందో లేదో వెళ్లి చూసుకోవాలి.