పాప ఒంటికి పోయేదాకా

నిరుపమ వైద్యంలో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరు దాదాపీర్ గారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరి నాలుగు నెలలైంది. నేను అక్కడ నర్సుని. తప్పు చేయడం ఆ అమ్మాయికి అలవాటు లేదు. పాపం, అదే ఆమె కష్టం.

ఆ సోమవారం ఓబులేశ్వరి అనే తల్లి ఎనిమిది నెలల కూతుర్ని ఎత్తుకుని రెండోసారి వచ్చింది. శుక్రవారం జ్వరమని తెచ్చినప్పుడు నిరుపమ వైరల్ జ్వరమని చెప్పి మందు రాసి పంపింది. ఇంట్లో అత్త పళ్ళ జ్వరమంది. ఇద్దరిలో ఎవరి మాటా జ్వరం వినలేదు. ఇప్పుడు పాప పాలు తాగడం లేదు. తాగిన కాస్తా కక్కేస్తోంది. కళ్ళు వాలిపోయాయి.

నిరుపమకు భయం పట్టుకుంది. గొంతు చూసింది, చెవులు చూసింది, గుండెలకు స్టెతస్కోపు ఆనించి విన్నది. దగ్గు లేదు, జలుబు లేదు. రక్త పరీక్షలకు చీటీ రాస్తుంటే దాదాపీర్ గారు వచ్చారు.

"మూత్రం?" అన్నారు.

"ఈ వయసు పిల్ల అడిగితే పోస్తుందా సార్? మూత్రం పట్టే సంచీ ఒంటికి అంటిస్తే తప్పుడు ఫలితం వస్తుంది. అందుకే రాయలేదు."

ఆయన తల్లి వైపు తిరిగారు. "పాప గుడ్డలు ఎవరు ఉతుకుతారు తల్లీ?"

"నేనే సారూ. మూడు దినాల నుంచి ఒకటే వాసన. ఒంటికి పోయేటప్పుడు ముడుచుకోని ఏడుస్తాది. మొన్ననే చెప్పబోతిని. అంతలోకే మేడమ్ మందు రాసేసినారు."

నిరుపమ తల దించుకుంది.

దాదాపీర్ గారికి డెబ్బై దాటాయి, పైగా మోకాళ్ళ నొప్పులు. పాపను శుభ్రంగా కడిగించి, చంకల కింద పట్టుకుని నిలబడమని తల్లికి చెప్పారు. పరీక్ష డబ్బా మూత తీసి, ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. పాపకు ఒంటికి వచ్చేలా, చన్నీళ్ళలో తడిపిన దూదితో బొడ్డు కింద మెల్లగా రుద్దసాగారు.

"నర్సమ్మ చూసుకుంటుంది సార్, మీరు లేవండి," అంది నిరుపమ. నేను చెయ్యి చాపాను. ఆయన డబ్బా ఇవ్వలేదు.

బయట నలభై మంది కాచుకుని ఉన్నారు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. పాప గుక్కపట్టి ఏడిస్తే ఆయన పిట్టలా కూత వేసి నవ్వించబోయారు, మళ్ళీ రుద్దారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మాటలు రాని పిల్లను అంత ఓపికగా అడిగే మనిషిని నేను చూడలేదు. ఆ క్షణాన ఆయనకు దండం పెట్టాలనిపించింది.

చివరికి పోసింది. మొదటి ధార ఆయన చొక్కా చేతిని తడిపింది. దాన్ని పోనిచ్చి, తర్వాతి ధారకు డబ్బా పట్టారు.

గంటలో ఫలితం వచ్చింది. మూత్రంలో చీము కణాలు. ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవి. పాపను చేర్చుకుని వెంటనే సూదిమందు మొదలుపెట్టారు.

బుధవారానికి జ్వరం దిగింది. పాప తల్లి రొమ్ము వెతుక్కుని గుటకలు వేస్తూ తాగింది. ఓబులేశ్వరి ఏడుస్తూ నవ్వింది.

నిరుపమ గురువుగారి పక్కకు వచ్చి నిలబడింది. "నేనూ అన్నీ చూశాను సార్. మీకెలా తెలిసింది?"

"నాకు తెలియలేదమ్మా," అన్నారాయన. "తెలియలేదు కాబట్టే కూర్చున్నాను."