వచ్చేటప్పుడు ముద్ర, పోయేటప్పుడు సంతకం

ఆ మధ్యాహ్నానికి మాబున్నికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకుండా పోయింది.

ఐదు నెలల కిందట ఆమె కడప కాలేజీలో గెలిచిన ఏడు వక్తృత్వపు షీల్డుల్నీ అటక మీద పడేసి, చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన మస్తానయ్య తాత దగ్గరికి వచ్చింది. తాత నాపరాతి గనుల పక్కనున్న చిన్న దర్గాను చూసుకుంటాడు. పూటపూటా నెమలి ఈకల కట్టతో సమాధి మీది రాతిదుమ్ము ఊడుస్తాడు. గనుల్లో పని ఆగే ఒంటిగంట నుంచి మూడింటి దాకా దర్గా చావడిలో పనివాళ్లకు చదువు చెబుతాడు. ముప్పై ఏళ్లుగా అంతే.

"తాతా, చదువు చెప్పడమెట్లాగో మీ దగ్గర నేర్చుకోవాలని వచ్చాను" అంది మాబున్ని.

తాత బలపాల డబ్బా ఆమె చేతిలో పెట్టి, "చెప్పు" అన్నాడు. ఆ తర్వాత ఇంకో ముక్క నేర్పలేదు.

మొదటిరోజు చావడిలో పద్నాలుగు మంది కూర్చున్నారు. మాబున్ని నోరు విప్పితే గనిలో మందు పేలినట్టే. "చదువు అన్నం పెట్టేది కాదు, అన్నం ఎందుకు దొరకలేదో అడిగించేది!" అంది. పద్నాలుగు మందీ నోళ్లు తెరుచుకుని విన్నారు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఇప్పుడు ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో ఒకామె నిద్రపోతుంది.

ఆమె పేరు ఓబులమ్మ. బండలకు పాలిష్ పట్టే పని ఆమెది. యాభై ఐదేళ్లుంటాయి. అందరికంటే ముందొచ్చి స్తంభానికి ఆనుకుంటుంది. పలక ఒళ్లో పెట్టుకుని ‘ఓ’ దిద్దుతుంది. మళ్లీ దిద్దుతుంది. మూడోసారి దిద్దేలోపు తల వాలిపోతుంది. ఐదు నెలలైనా తన పేరులో మొదటి అక్షరం దాటింది లేదు. మాబున్ని మొదట్లో తట్టి లేపేది. తర్వాత గొంతు పెంచి లేపేది. ఇప్పుడు లేపడం మానేసింది.

ఆ మధ్యాహ్నం మాబున్ని బలపం పట్టుకోలేదు.

"పలకలు పక్కన పెట్టండి. ఈరోజు ఒకటే ప్రశ్న. మీకు చదువు ఏంటికి?"

అడిగి, మైకు ముందు నిలబడినట్టు నిలబడింది. ఎవరో ఒకరు లేచి గట్టి మాట ఒకటి అంటే చాలు, ఇంకో ఐదు నెలలు లాగగలననుకుంది.

లారీలకు బండలెత్తే పుల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"నిజం చెప్పాల్నా, అబద్ధం చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

"గనిలో నిలబడతా. ఇంటికి పోతే గొడ్ల కాడ నిలబడతా. పెద్దోళ్లు ఎదురైతే లేచి నిలబడతా. ‘రా పుల్లయ్యా, కూచో’ అనే తావు ఈ చావడొకటే. అందుకని వస్తా."

అందరూ నవ్వారు. మాబున్ని నవ్వలేదు.

కొత్తగా పెళ్లయిన సుంకమ్మ అందుకుంది. "మా ఆయప్ప సెల్లు చూసుకుంటా నవ్వుతాంటాడక్కా. ఏముందో చెప్పమంటే ‘నీకర్థం గాదులే’ అంటాడు. అర్థమైన రోజు ఆ నవ్వు సంగతి నేను జూసుకుంటా!"

ఇంకొకామె ప్రొద్దుటూరు బస్సనుకుని జమ్మలమడుగు బస్సెక్కిందట. మళ్లీ అట్లా కాకుండా బోర్డు చదవాలట. ఇంకొకాయన దర్గా కుండలో నీళ్లు చల్లగా ఉంటాయన్నాడు. అంతకు మించి ఆయనకు ఏ కారణమూ లేదు, దాచుకోనూ లేదు.

మాబున్ని స్తంభం వైపు తిరిగింది. "ఓబులమ్మవ్వా! నీకేంటికి?"

సుంకమ్మ మోచేత్తో పొడిస్తే ఓబులమ్మ ఉలిక్కిపడి లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకా? నాకు ఏలు లేదు తల్లీ. అందుకని."

మాబున్ని ఆమె చేతులకేసి చూసింది. పది వేళ్లూ పలక మీదే ఉన్నాయి. "అవ్వకింకా తెల్లారలేదు" అన్నాడు పుల్లయ్య. చావడి మళ్లీ నవ్వింది. ఆ నవ్వుకి మాబున్ని లోపల ఎక్కడో మిగిలిన కాస్త నిప్పూ ఒక్కసారి ఎగిసింది.

"పది వేళ్లు పెట్టుకుని ఏలు లేదంటావేందవ్వా! నిద్రపో, బాగా నిద్రపో. బతికినన్నాళ్లూ వేలిముద్రగానే మిగిలిపోదువుగాని!"

వేలిముద్ర. పోటీల్లో ఆమె చాలాసార్లు వాడిన మాట. ఎక్కడ వాడినా చప్పట్లు పడే మాట. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఓబులమ్మ తన బొటనవేలికేసి ఒకసారి చూసుకుంది. "అదన్నా మిగిలుంటే మేలే" అని తనలో తాను గొణుక్కుంది. లేచి, కుండ దగ్గర పలక కడిగి, కొంగుతో తడి లేకుండా తుడిచి, మాబున్ని పక్కన పెట్టి, బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది.

తాత దర్గా వెనక నీడలో కూర్చుని ఊడిపోతున్న నెమలి ఈకల్ని మళ్లీ కట్టగా కడుతున్నాడు.

"తాతా, రేపు పది గంటల బస్సుకు నేను వెళ్లిపోతున్నాను" అంది మాబున్ని.

తాత తలెత్తలేదు. "ఏమైంది?"

"చదువు కోసం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకాయన కూర్చోవడానికొస్తాడు. ఒకామె మొగుడి మీద పంతానికొస్తుంది. ఒకాయన నీళ్లు తాగడానికొస్తాడు. ఆ ఓబులమ్మ నిద్రపోవడానికొస్తుంది. ముందు ఆమె పేరు కొట్టేస్తాను, తర్వాత మీరు చావడి మూసుకోండి. నావల్ల కాదు తాతా. అలిసిపోయాను."

ఆ చివరి మాట మాత్రం ఆమె ఉపన్యాసంలోది కాదు.

"నువ్వెందుకొచ్చినావు?" అడిగాడు తాత.

"మార్పు కోసం. తలెత్తి ప్రశ్నించే మనుషుల కోసం..."

"ఇప్పుడు కాదు. ఆరేళ్లప్పుడు."



చావడి దూలానికి ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుంది. అప్పట్లో పిల్లలకూ అక్కడే బడి, బడి గంట అదే. ఆరేళ్ల మాబున్ని తల్లి కొంగు వదలకుండా, బడికి రానని ఊరు ఏకం చేస్తుంటే, తాత ఇనుపకడ్డీ ఆ పిల్ల చేతికిచ్చి, "ఏడిస్తే ఎంతమందికి వినపడతాది? దీంతో కొట్టు, ఊరంతా వినపడాల" అన్నాడు. ఆ గంట కోసం ఆమె మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మధ్యలో అక్షరాలు ఎప్పుడొచ్చాయో ఆమెకు తెలియదు.

"గుర్తులేదు" అంది మాబున్ని.

"సరే" అన్నాడు తాత. అబద్ధాన్ని అబద్ధమని కూడా అనలేదు. "ఆమె పేరు కొట్టేసేటట్టయితే పుస్తకం తీసుకుపో. చావడి మర్యాద తెలుసు గదా."

తెలుసు. చావడిలో చేరిన రోజు ప్రతివాళ్లూ పుస్తకంలో తమ పేరు పక్కన వేలిముద్ర వేస్తారు. చదువొచ్చి వెళ్లిపోయే రోజు ఆ ముద్ర పక్కన సంతకం చేస్తారు. మధ్యలో మానేసేవాళ్లు ఇంకోసారి ముద్ర వేసి పోతారు. ముప్పై ఏళ్ల పుస్తకం. ముద్రలూ సంతకాలూ, ముద్రలూ ముద్రలూ.

తాత ఇంకుప్యాడూ కలమూ ఆమె చేతిలో పెట్టాడు. "ఒకటి చూసుకో. గీతలు కనపడేటట్టు పడాల. గీతలు పడకుంటే అది ఎవురిదో తెలీదు."

ఓబులమ్మ మెట్ల మీదే ఉంది. ఐదు నెలల్లో మొదటిసారి ఆమె ఆ వేళప్పుడు మేలుకుని కనిపించింది.

మాబున్ని ఆమె బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది, పుస్తకంలో ఒత్తింది. నల్లటి చుక్క పడింది.

"చెయ్యి కదిలించొద్దవ్వా."

మళ్లీ ఒత్తింది. మళ్లీ చుక్కే. సిరా ఎక్కువైందేమోనని తుడిచి మూడోసారి ఒత్తింది. చింతగింజంత నలుపు. లోపల ఒక్క గీత లేదు.

మాబున్ని పేజీలు వెనక్కి తిప్పింది. చేరిన రోజు ఓబులమ్మ పేరు పక్కన కూడా అదే చింతగింజ. ఆరోజు కూడా తనే ఒత్తించింది. "నెమ్మదిగా పెట్టలేవా?" అని కసిరింది కూడా.

ఆమె తన చున్నీ కొసతో ఓబులమ్మ వేలు శుభ్రంగా తుడిచి ఎండలోకి తిప్పింది. పాలిష్ పట్టిన బండ. ఎండ తగిలితే మెరుస్తుంది. పక్క వేలు చూసింది. ఆ పక్కది చూసింది. రెండో చెయ్యి లాక్కుని చూసింది.

"చెప్తి గదా తల్లీ, ఏలు లేదని" అంది ఓబులమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు. "ముప్పై ఏండ్లాయ. నీళ్లు పోసేది, రుద్దేది. బండ నున్నగయ్యే, దాంతోపాటు నేనూ నున్నగైతి. రేషన్ మిషను కాడ పెడితే కుయ్యిమంటాది. తుడుచుకుని పెడితే మళ్లా కుయ్యిమంటాది. ‘నువ్వు నువ్వు కాదంటాందమ్మా మిషను’ అంటాడు డీలరు. మరి నేనెవురు నాయనా అంటే, అది నాకు తెలీదంటాడు."

ఆమె నవ్వింది. మాబున్ని ఆ చెయ్యి వదలలేదు.

"సంతకం నేర్చుకుంటే మిషను ఒప్పుకుంటాదని గాదులే. అంత తెలీదనుకుంటివా? మిషను ఏలే అడుగుతాది, సంతకం అడగదు. ముద్రగాళ్లు ముద్రగాళ్లు అంటారు గానీ తల్లీ, వాళ్లకు ముద్రన్నా ఉంది. నాదని కాయితం మీద ఏదో ఒకటి పడాల గదా, పోయేలోపల. అందుకొస్తి. కూచుంటే నిద్రొస్తాది, ఏం జేసేది. తెల్లారి నాలుక్కు లేస్తా."

ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుంది. మాబున్ని చేతిలో కలం తీసుకుని, గునపం పట్టినట్టు పిడికిట్లో పట్టుకుని, మూడు నల్లచుక్కల పక్కన నింపాదిగా రాసింది. కాగితం చిరిగేంత ఒత్తి రాసింది.

ఓ.

"ఇంతమటుకే వచ్చు" అంది ఓబులమ్మ. "పోయేదానికి ఇది చాలునా?"

మాబున్ని ఇంకుప్యాడుకు మూత పెట్టేసింది. 

గనుల వైపు మూడింటి కూత వినిపించింది. ఓబులమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచి, పనికి నడిచింది. చావడిలోవాళ్లు ఒక్కొక్కరే ఆమె వెనక పోయారు.

మాబున్ని పుస్తకం తీసుకుని తాత దగ్గరికి వచ్చింది.

"ముద్ర పడిందా?"

ఆమె ఇంకుప్యాడు ఆయన పక్కన పెట్టింది.

"రేపు నువ్వూ పోతావు గదా" అన్నాడు తాత, ఈకల కట్టకు ముడి బిగిస్తూ. "నీకు చదువొచ్చు. నీ సంతకం చేసి పో."

మాబున్ని పుస్తకం తెరిచింది. ఓబులమ్మ వేళ్లు తుడిచినప్పుడు తన చేతికంటుకున్న సిరా, పేజీ అంచున తన బొటనవేలి గుర్తుగా పడి ఉంది. సుడి తిరిగిన గీతలు, ఒక్కటీ తెగకుండా, లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. ఇరవై మూడేళ్ల వేలు. ఒక్క గీత అరగలేదు.

ఆమె సంతకం చెయ్యలేదు. పుస్తకం మూసింది.

మర్నాడు పది గంటల బస్సు దర్గా మలుపులో ఆగి, రెండుసార్లు హారను కొట్టి, దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఒంటిగంట కావస్తుండగా మాబున్ని చావడిలోకి వచ్చింది. ఓబులమ్మ అప్పటికే వచ్చి స్తంభానికి ఆనుకుని ఉంది. తల ఒక పక్కకు వాలిపోయింది. ఒళ్లో పలక మీద ‘ఓ’ ఉంది. దాని పక్కన ఇంకో అక్షరం మొదలై, సగంలో కిందికి జారిపోయింది.

మాబున్ని దూలం కిందికి వెళ్లి ఇనుపకడ్డీ అందుకుంది. ఆరేళ్లప్పటిలాగే రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది.

సమాధి మీది దుమ్ము ఊడుస్తున్న తాత వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఈరోజు మెల్లగా కొట్టమ్మా. ఆమె నిద్రపోతాంది."