కొండకు వదిలిన కుచ్చు

అనగనగా, గొర్రెలు మాట్లాడితే మనుషులు ఆగి వినే రోజుల్లో, ఒక కొండ వాలులో పెద్ద మేత బయలు ఉండేది. అక్కడ మందను కాచుకునేవాడు బయ్యన్న. అతని భార్య సుంకులమ్మ. మందకు పెద్దదిక్కు బొల్లక్క అనే ముసలి గొర్రె.

ఏటేటా ముళ్లకంప పెరిగి బయలును మింగేసింది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. అప్పుడు రాజుగారి కబురు వచ్చింది.

"తొలకరికి వచ్చి చూస్తాను. కంప పోయి మేత కనబడితే బయలు నీది. లేదంటే నా గుర్రాలది."

బయలు పోతే మందను తోలుకుని ఊరూరా తిరగాల్సిందే. బయ్యన్న గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

మొదటిరోజు కంప నరికాడు. ఆ ఊపులో పక్కనున్న మోదుగ పొదలూ నరికాడు. మధ్యాహ్నం నీడ లేక గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకున్నాయి.

రెండోరోజు కంపతోపాటు రేగుచెట్లూ పోయాయి. గూళ్లు చెదిరి కముజుపిట్టలు అరుచుకుంటూ కొండ దాటిపోయాయి. అంబలి తెచ్చిన సుంకులమ్మ చుట్టూ చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఏమయ్యా, కొండకు గుండు గీస్తున్నావు! ఏ దేవుడికి మొక్కావు?"

"నవ్వకే! ఒక్క పొద మిగిలినా రాజుగారు ఒప్పుకోరేమో!"

మూడోరోజు రేలచెట్టు వంతు వచ్చింది. ఒళ్లంతా పసుపు పూలగుత్తులు. బయ్యన్న గొడ్డలి ఎత్తాడు. బొల్లక్క వచ్చి మానుకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో బొల్లక్కా."

"తప్పుకుంటాలే. ఒక్క మాట చెప్పు. మాకు ఉన్ని కత్తిరించేటప్పుడు నుదుటి మీద ఒక కుచ్చు వదిలేస్తావు. ఎందుకు బయ్యన్నా?"

"మా తాతలనాటి ఆనవాయితీ. ఎంత పెద్ద మందలో కలిసినా నా గొర్రె నాకు తెలియాలి. పైగా ఆ కుచ్చుతో ముద్దొస్తారు మీరు."

"మరి మా కొండ మాకు తెలియొద్దా? అది మాత్రం ముద్దు రానక్కర్లేదా?"

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ఆనాటినుంచి బయ్యన్న ముందు బయలంతా తిరిగి, ఉంచాల్సిన చెట్టుకు ఉన్ని దారం కట్టేవాడు. ఆ తర్వాతే కంప మీద పడి, వేళ్లతో సహా పెకలించేవాడు.

తొలకరి కురిసింది. గడ్డి లేచింది. రాజుగారు తన మనుషులతో తడిసి ముద్దయి, బయ్యన్న నిలబడ్డ రేలచెట్టు కిందికి చేరారు.

"మబ్బు కమ్మి దారి తప్పాం. ఈ పసుపు కొమ్మ కనబడకపోతే వెనక్కే పోయేవాళ్లం. ఇంత కంప కొట్టినవాడివి, దీన్నెలా వదిలావు?"

"గొర్రెకు కుచ్చు వదిలినట్టే ప్రభూ!"

రాజుగారు పకపకా నవ్వారు. "బయలు నీదే పో! మరి ఆ పక్కన బోసిగా ఉందేం?"

బయ్యన్న తల గోక్కున్నాడు. "అది మా బొల్లక్క మాట వినకముందు చేసిన పని."

మర్నాడే ఆలుమగలిద్దరూ ఆ బోసినేలలో మోదుగ గింజలు నాటారు. మొలకలు తన మంద నోట పడకుండా బొల్లక్క కాపలా కాసింది.

పనికిరానిదాన్ని తీసేసే చెయ్యి, అందమైనదాని దగ్గర ఆగడం కూడా నేర్చుకోవాలి.