గుమ్మడి వారింటి పర్షియన్ పిల్లి

ఈపూరుపాలెంలో గుమ్మడి వీరాస్వామి, అతని పెళ్ళాం తిరపతమ్మ, తమ్ముడు పోలయ్య ఉండేవాళ్ళు. ముగ్గురికీ ఒకటే ధీమా. దేవుడు ఊరందరికీ తెలివి పంచుకుంటూ వచ్చి, వీళ్ళ గుమ్మంలో గంప బోర్లించేశాడని. ఊళ్ళోవాళ్ళూ అదే అనేవాళ్ళు, కాకపోతే అప్పటికి గంపలో ఏమీ మిగల్లేదని.

పక్కవీధి కమలమ్మ టీచరుకి బదిలీ అయింది. ప్రాణంగా పెంచుకున్న పర్షియన్ పిల్లిని వెంట తీసుకెళ్ళే వీల్లేక వీళ్ళకి అప్పజెప్పింది. తెల్లటి బొచ్చు, చప్పిడి ముక్కు, జమీందారిణి చూపు. పేరు రాణి.

"మంచి జాతిది వీరాస్వామీ. నోట్లో నాలుక లేదు పాపం. కోపం మాత్రం ముక్కుమీదే ఉంటుంది. నెత్తిన పెట్టుకుని చూసుకోండి," అని కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కింది.

తిరపతమ్మ బెంగపడిపోయింది. "నాలుక లేకపోతే పాలెట్లా తాగుద్దయ్యా?"

"గరాటు పెట్టి పోద్దాం వదినా," అన్నాడు పోలయ్య.

ఇంకేముంది! అన్న పిల్లి కాళ్ళు పట్టుకున్నాడు, తమ్ముడు దాని నోరు తెరిచాడు. లోపల ఎర్రగా నాలుక!

"అన్నా, మనింటికి రాగానే మొలిచేసింది! మనింటి గాలి అట్లాంటిది!"

అంతే, రాణి వాడి బొటనవేలు కసుక్కున కొరికింది.

"కోపమొచ్చింది! ముక్కుమీద ఉంటుందన్నారుగా, తుడిచెయ్యండి," అంది తిరపతమ్మ. తడిగుడ్డతో తుడిచారు. పోలేదు. కొబ్బరిపీచుతో తోమబోయారు. రాణి వీరాస్వామి మొహం అడ్డంగా, నిలువుగా గీరేసింది.

"అయ్యో, ముక్కుమీది కోపం గోళ్ళలోకి దిగింది," అన్నాడు వీరాస్వామి నెత్తురు తుడుచుకుంటూ. "నెత్తిన పెట్టుకోమన్నారుగా, అది మరిచిపోయాం. అందుకే ఇదంతా!"

తలపాగాతో పిల్లిని నెత్తికి కట్టుకుని వీధిలోకి బయల్దేరాడు. కుక్కలు చూశాయి. ముందు వీరాస్వామి, వెనక కుక్కలు, పైన పిల్లి. పరిగెత్తి పరిగెత్తి మురుక్కాలవలో పడ్డాడు. రాణి ఒక్క దూకు దూకి, ఇంటికి పోయి అటకెక్కింది. ఇక దిగలేదు. పాలు ముట్టలేదు.

ముగ్గురూ తెలివితక్కువవాళ్ళే గానీ, రాతిగుండెవాళ్ళు కాదు. తామూ తిండి మానేసి అటక కింద కూర్చుని ఏడ్చారు. చివరికి పశువుల డాక్టరుని పిలుచుకొచ్చారు.

ఆయన సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "ఈ జాతి స్వభావమే నెమ్మది. దానికి గోల పడదు. పట్టి లాగితే అసలే పడదు. ఈ ఇల్లు దానిదనీ, మీరే దాని దగ్గర ఉంటున్నారనీ అనుకుని మసలుకోండి. చాలు."

అంతే, ముగ్గురూ చాపలు తీసుకుని వసారాలోకి మారిపోయారు. ఇల్లు నిశ్శబ్దమైంది. రాణి కిందికి దిగి, పాలు తాగి, వీరాస్వామి మంచమ్మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. కిటికీలోంచి చూసి ముగ్గురూ మురిసిపోయారు.

తెల్లారింది. పొయ్యి వెలిగించాలి. తిరపతమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. "అమ్మగారూ, లోపలికి రావచ్చా?"

"మ్యావ్," అంది రాణి.

"ఏమంటోందే?" అన్నాడు వీరాస్వామి.

"పొమ్మంటోందయ్యా."

"మ్యావ్, మ్యావ్."

"ఇప్పుడే పొమ్మంటోంది!"

ఇంకేముంది! గిన్నె నిండా పాలు పోసిపెట్టి, దణ్ణం పెట్టి, చాపలూ చెంబులూ నెత్తినెత్తుకుని, వెనకవీధి శేషగిరిగారి పోర్షను అద్దెకడగడానికి వెళ్ళారు.

"ఇస్తాను గానీ, మీకు పిల్లి గానీ ఉందా? మా ఆవిడకి పడదు," అన్నాడు శేషగిరి.

"ఛ ఛ! మాకు పిల్లెక్కడిదండీ?" అన్నాడు వీరాస్వామి. "పిల్లికే మేముండేవాళ్ళం. పొద్దున్నే ఖాళీ చేయించింది!"