ముంగిస పెట్టిన కోర్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఫారెస్టు గార్డు ఇల్లు. ఆ ఇంట్లో ఒక టీవీ, టీవీకి ఎదురుగా ఒక కిటికీ. కిటికీ బయట పిట్టగోడ మీద రోజూ దీపాలు పెట్టే వేళకి ఒక ముంగిస వచ్చి కూర్చునేది. దాని పేరు మంగులు.

మంగులు వచ్చేది సీరియల్ చూడ్డానికి. అత్తాకోడళ్ళ సీరియల్ కాదు, కోర్టు కేసుల సీరియల్. అందులో నల్లకోటు లాయరు బల్ల గుద్ది ఒక్క ప్రశ్న అడుగుతాడు. అంతే, బోనులో ఉన్నవాడికి చెమటలు పడతాయి. ఢామ్మని సంగీతం మోగుతుంది. గార్డు తల్లి అచ్చమ్మ మంచం మీద లేచి కూర్చుని, "నే చెప్పలా? వీడే! తల దించుకున్నప్పుడే అనుకున్నాను!" అంటుంది.

మంగులుకి ఒళ్ళంతా హాయిగా ఉండేది. పాపం, వాణ్ణి తప్పు పట్టకండి పిల్లలూ. అడవిలో ఏదీ అలా తేలదు. పండు ఎవరు తిన్నారో తెలీదు, గూడు ఎవరు పీకారో తెలీదు. టీవీలో మాత్రం పొయ్యి మీద అన్నం ఉడికేలోపు దోషి దొరికిపోతాడు. ఎవరికి నచ్చదు చెప్పండి?

ఒక రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లారి చూస్తే కుందేలు సన్నమ్మ పిల్ల కనబడలేదు. బుడ్డి అని చిన్న పిల్ల, ఇంకా గడ్డి కొరకడం కూడా సరిగా రాదు. సన్నమ్మ "బుడ్డీ! బుడ్డీ!" అని పిలుస్తూ పొదపొదకీ తిరిగింది. అది చూసి జంతువులన్నీ తలో దిక్కుకీ వెతకడానికి బయలుదేరబోయాయి.

"ఆగండి!" అని అరిచాడు మంగులు. "ఇష్టమొచ్చినట్టు తొక్కేసి సాక్ష్యాలు పాడుచేయకండి. ముందు దోషిని పట్టాలి. వాడు దొరికితే పిల్ల దొరికినట్టే."

మాట బాగుంది. చెప్పిన తీరు ఇంకా బాగుంది. అందరూ ఆగిపోయారు.

మంగులు నేల వాసన చూసుకుంటూ వాగు దాకా వెళ్ళాడు. అక్కడ ఒక చెదల పుట్ట ఉంది. దాని పక్కన పొలుసయ్య ఉన్నాడు. పొలుసయ్య ఒక అలుగు. ఒంటినిండా పొలుసులు, చేతులకి పెద్ద పెద్ద గోళ్ళు. చెదలు తిని బతుకుతాడు, ఒకరి జోలికి పోడు. భయం వేస్తే మాత్రం తల కడుపులో దాచుకుని బంతిలా ముడుచుకుపోతాడు. ఆ పొద్దున వాడి గోళ్ళనిండా తడి మట్టి ఉంది.

"దొరికావురా దొంగా!" అన్నాడు మంగులు.

పొలుసయ్య గబుక్కున ముడుచుకున్నాడు.

"చూశారా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, దొంగ అనగానే ముఖం దాచేశాడు!"

అందరూ కలిసి పొలుసయ్యని దొర్లించుకుంటూ ఇప్పచెట్టు కిందికి తెచ్చారు. కోర్టు మొదలైంది. గుడ్లగూబ తాత జడ్జి. పగటిపూట తాతకి నిద్ర ఆగదు కాబట్టి ఆయనతో ఏ పేచీ లేదు. మంగులు నల్లకోటు బదులు ఒక మోదుగాకు వీపున కప్పుకున్నాడు. అడవి అడవంతా వచ్చి కూర్చుంది. ఉడతలు కొమ్మల మీద చోటు కోసం కొట్టుకున్నాయి. అంత సరదా ఆ అడవి ఎన్నడూ ఎరగదు.

పొలుసయ్య మెల్లగా తల బయటికి పెట్టాడు. "అయ్యా, నేను ఆ పుట్ట దగ్గర..."

"అడిగినదానికే జవాబు చెప్పు!" అని మంగులు మొద్దు మీద గుద్దాడు. పొలుసయ్య మళ్ళీ ముడుచుకున్నాడు.

తర్వాత నెమలి సాక్ష్యం చెప్పింది. "వీడు ఏనాడూ ఎవరితోనూ కలవడు. పలకరించినా పలకడు."

పొలుసయ్య ఇంకోసారి తల ఎత్తాడు. "పుట్టలో చప్పుడు..."

"సిగ్గులేదా!" అని కాకులన్నీ ఒక్కసారిగా గోల చేశాయి. ఆ మాట ఆ గోలలో కలిసిపోయింది. పొలుసయ్య బంతి అయిపోయాడు.

పొద్దు వాలింది. అలిసిపోయి అందరూ కాస్త సద్దుమణిగారు. మూడోసారి పొలుసయ్య తల పైకి వచ్చింది. "బుడ్డి... బుడ్డి ఎక్కడుందంటే..."

అడవి ఊపిరి బిగబట్టింది. మంగులుకి ఒళ్ళు ఝల్లుమంది. టీవీలో అయితే సరిగ్గా ఇక్కడే ఆపుతారు! పైగా సీరియల్ వేళ కూడా అయింది.

"ఆపు! కోర్టు వాయిదా. మిగతాది రేపు!"

"మంగులూ, వాడేదో చెప్పబోయాడు నాయనా!" అంది సన్నమ్మ.

"రేపు చెప్తాడులే సన్నమ్మక్కా. ఇప్పుడే చెప్పేస్తే ఇంకేం మజా?"

పొలుసయ్యని ఒక చెట్టు తొర్రలోకి నెట్టి ముళ్ళపందిని కాపలా పెట్టాడు. "నిందితుడితో ఎవరూ మాట్లాడకూడదు" అని గట్టిగా చెప్పి, పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున్నే అడవంతా మళ్ళీ వచ్చింది. పొలుసయ్య మాత్రం రాత్రి ముడుచుకున్నవాడు ముడుచుకున్నట్టే ఉన్నాడు. మంగులు అరిచాడు. మొద్దు గుద్దాడు. వేలెత్తి చూపించాడు. అరిచినకొద్దీ ఆ బంతి ఇంకా బిగిసింది.

"మౌనం అంగీకారమే!" అన్నాడు మంగులు. "తాతా, తీర్పు చెప్పు. వీణ్ణి అడవి నుంచి తరిమేయాలి!"

తాత కళ్ళు తెరిచాడు. ఈలోగా సన్నమ్మ లేచి మధ్యలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది.

"నాకు దొంగ వద్దు మంగులూ. నాకు నా బిడ్డ కావాలి. నిన్నటి నుంచి ఇంతమంది ఇక్కడ కూర్చున్నారు. మీలో ఒక్కరైనా వెతికారా? మీతో పాటు నేనూ కూర్చున్నాను, నా బుద్ధి ఏమైందో!"

ఉడతలు తలలు దించుకున్నాయి. మంగులు వీపు మీది ఆకు జారి కింద పడింది. వాడు దాన్ని తీసుకోలేదు.

సన్నమ్మ పొలుసయ్య పక్కన కూర్చుంది. "నిన్నేమీ అననయ్యా. నా పిల్ల సంగతి తెలిస్తే చెప్పు" అని మెల్లగా అడిగింది.

బంతి కొంచెం వదులైంది. ముందు ముక్కు బయటికి వచ్చింది, తర్వాత కళ్ళు వచ్చాయి.

"పుట్ట కింద ఉందమ్మా. వానకి భయపడి బొరియలోకి దూరినట్టుంది. పైన మట్టి కూలింది. లోపల ఏడుపు వినబడితే తవ్వుతున్నాను. అంతలో వీళ్ళు నన్ను పట్టుకొచ్చేశారు."

మంగులు పొలుసయ్య గోళ్ళ వంక చూశాడు. వాటికున్న ఆ మట్టిని చూసే కదా తను వాణ్ణి దొంగ అన్నది!

అందరూ పుట్ట దగ్గరికి పరుగెత్తారు. గట్టిపడిన మట్టి ఎవరి గోళ్ళకీ లొంగలేదు. పొలుసయ్య ఒక్కడే తవ్వగలిగాడు. మంగులు పక్కనే నిలబడి మట్టి వెనక్కి లాగాడు. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. వాడు జన్మలో ఎప్పుడూ అంత భయపడలేదు.

చివరికి ఒక చిన్న చెవి కనబడింది. తర్వాత బుడ్డి మొత్తం బయటికి వచ్చింది. ఒళ్ళంతా మట్టి, చల్లబడిపోయి ఉంది. సన్నమ్మ దాన్ని నాకింది. నాకుతూనే ఉంది. కాసేపటికి బుడ్డి తుమ్మి, పాల కోసం తల్లి పొట్ట వెతుక్కుంది.

ఆ సాయంత్రం మంగులు అలవాటు కొద్దీ పిట్టగోడ ఎక్కాడు. టీవీలో ఎవరి పిల్లో తప్పిపోయింది. లాయరు బల్ల గుద్దాడు. "వీడే!" అంది అచ్చమ్మ.

"పిల్లని ఎవరూ వెతకరేంటి?" అనుకున్నాడు మంగులు. ఢామ్మనే సంగీతం రాకముందే గోడ దిగిపోయాడు.

నేరుగా పొలుసయ్య ఇంటికి వెళ్ళాడు. వాణ్ణి చూడగానే పొలుసయ్య ముడుచుకున్నాడు. మంగులు అరవలేదు, ఏమీ అడగలేదు. పక్కనే కూర్చున్నాడు. పొలుసయ్య తనంతట తాను తల ఎత్తేదాకా అలా కూర్చునే ఉన్నాడు.

నీతి: దోషిని పట్టే సరదాలో పడితే ఆపదలో ఉన్నవాళ్ళని మరిచిపోతాం, నిజం కావాలంటే ముందు మన అరుపు ఆపాలి.