కరాళుడి ప్రాణానికి రెక్క తిరిగింది

పిల్లలూ, చెవులు ఇటు పడెయ్యండి. ఒకానొక కాలంలో ధవళకేతు అని ఒక మహారాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకరోజు నిండు కొలువులో, అందరూ చూస్తుండగానే, ఆ రాజు రాయైపోయాడు! మంత్రులు కొయ్యబారిపోయారు. ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు గాలిలోంచి పకపకా నవ్వి, "మూడో పున్నమి దాటిందా, ఇక వీడు ఎప్పటికీ రాయే!" అన్నాడు.

పెద్దకొడుకు బయల్దేరాడు. ఏడు సముద్రాలూ దాటాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలోనే కదా ఉండేదని కనబడిన చిలకనల్లా పట్టాడు. ఎందులోనూ ప్రాణం దొరకలేదు, కరాళుడి మంత్రానికి తనే రాయైపోయాడు. రెండోవాడు బయల్దేరాడు. ఏడు సముద్రాలూ దాటాడు. వాడూ చిలకలనే పట్టాడు, వాడూ రాయైపోయాడు. రాకుమారులంతా చిలకల వెంటే పడతారని కరాళుడికి ముందే తెలుసు మరి!

మూడోవాడు మృగాంకుడు. తల్లి లేని బిడ్డని బాతులు మేపే నాగమ్మ పెంచింది. వాడూ ఓడెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. మూడో పున్నమి ఇంకా పదిహేను రోజులుందనగా మాంత్రికుడి కోట వెనక ఉన్న కొలను దగ్గరికి చేరాడు. గట్టు మీద ఒక అమ్మాయి ఏడుస్తోంది. ఆమె పేరు కువలయ, కరాళుడు ఎత్తుకొచ్చిన రాకుమారి. ఒళ్లో ఒక బాతుపిల్ల. దాని ఎడమ రెక్క కొస మెలితిరిగి బయటికి పొడుచుకొచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మృగాంకుడు.

"నాకేం తెలుసు! మొన్నటిదాకా బాగానే ఉంది. దీనికేమైనా అయితే వాడు నా ప్రాణం తీస్తాడు."

"వాడి ప్రాణం నాలోనే ఉంది మరి," అంది బాతుపిల్ల.

మృగాంకుడు అదిరిపడ్డాడు. బాతు మాట్లాడినందుకు కాదు, అది చెప్పిన మాటకు. దాని రెక్క పట్టి చూసి, "దీనికి ఏం పెడుతున్నారు?" అని అడిగాడు.

"పొద్దున నేతి పొంగలి, మధ్యాహ్నం సున్నుండలు, సాయంత్రం జున్ను. తన ప్రాణం బలంగా ఉండాలని వాడే దగ్గరుండి కుక్కిస్తాడు. జలుబు చేస్తుందని నీళ్లలో కాలు పెట్టనివ్వడు."

"అయ్యయ్యో! బాతుపిల్లకి జున్నా!" అని మృగాంకుడు తల పట్టుకున్నాడు. "తిండి ఎక్కువై ఒళ్లు తొందరగా పెరిగింది. ఈకల బరువు మోయలేక లేత రెక్క తిరిగిపోయింది. ఎముక ఇంకా ముదరలేదు. ఇప్పుడే కట్టు కడితే దారికొస్తుంది."

"కట్టెందుకు? దీని పీక నులిమితే వాడి పీడ పోతుందిగా!" అంది కువలయ. బాతుపిల్ల బిక్కచచ్చిపోయింది.

"వాడు చస్తే మా నాన్నని మళ్లీ మనిషిని చేసేదెవరు? అయినా దీన్నేం చంపుతాం, పాపం."

అంతలో కరాళుడు కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చాడు. చూద్దురు కదా, వాడి ఎడమచెయ్యి కూడా మణికట్టు దగ్గర మెలితిరిగి బయటికి పొడుచుకొచ్చింది! రెండు చేతులూ ఎత్తితేగానీ వాడి మంత్రం పారదు.

"ఎవడ్రా నాకు చేతబడి చేసింది?"

"నీ నేతి పొంగలే చేసింది," అన్నాడు మృగాంకుడు. "నేను బాగుచేస్తాను. ఆరు రోజులు నా మాట విను. చెయ్యి దారికొచ్చాక మా నాన్ననీ, అన్నలనీ, ఈ అమ్మాయినీ వదిలిపెట్టు."

"సరే," అన్నాడు కరాళుడు. వాడి మనసులో ఏముందో మీకు తెలుసుగా.

మృగాంకుడు రెక్కని సహజంగా మడిచి, మెత్తని గుడ్డతో ఒంటికి చుట్టాడు. ఊపిరి ఆడాలి, కాళ్లు ఆడాలి, అంత వదులుగా చుట్టాడు. రోజూ ఒకసారి కట్టు విప్పి, రెక్క మెల్లగా చాపి, కాసేపు కొలనులో ఈదనిచ్చి, మళ్లీ కట్టాడు. పొంగలి లేదు, సున్నుండ లేదు, జున్ను లేదు. గరిక, తోటకూర, కొలనులో నాచు, అంతే. అక్కడ రెక్కకి కట్టు పడితే ఇక్కడ కరాళుడి చెయ్యి ఒంటికి అతుక్కుపోయింది! వాడు హడలిపోయాడు.

రెండో రోజు నేతి పొంగలి దొంగతనంగా తెచ్చాడు. కువలయ తరిమింది. నాలుగో రోజు సున్నుండ తెచ్చాడు. కువలయ తరిమింది. ఆరో రోజు జున్ను తెచ్చాడు. ఈసారి బాతుపిల్లే వాడి వేలు కొరికింది.

ఆ సాయంత్రమే కట్టు విప్పారు. రెక్క చక్కగా ఒంటికి ముడుచుకుంది. కరాళుడి చెయ్యి కూడా తిన్నగా వచ్చింది. వచ్చిందో లేదో, కృతఘ్నుడు, రెండు చేతులూ పైకెత్తి, "నువ్వూ రాయివి కా..." అన్నాడు.

మాట పూర్తి కాలేదు. బాతుపిల్ల రెక్కలు విప్పి టపటపా కొట్టుకుంటూ ఎగిరింది! చెట్టంత ఎత్తు, కోటంత ఎత్తు, మబ్బంత ఎత్తు!

కరాళుడి ముఖం పాలిపోయింది. తన ప్రాణం ఎగురుతుందని వాడెన్నడూ అనుకోలేదు. "అయ్యో, దిగవే! నువ్వు పడితే నేను చస్తానే!"

"ఇచ్చిన మాట నిలబెట్టుకో, దిగుతాను," అంది పైనుంచి.

కరాళుడు రెండు చేతులూ ఎత్తి గబగబా మంత్రం చదివాడు. అన్నలిద్దరూ కళ్లు నులుముకుంటూ లేచారు. ఏడు సముద్రాల ఇవతల ధవళకేతు కూడా లేచి కూర్చున్నాడని, వచ్చే పోయే కొంగలు కబురు చెప్పాయి. అప్పుడు బాతు దిగింది. కానీ దిగింది కరాళుడి దగ్గర కాదు, మృగాంకుడి ఓడ మీద.

తర్వాత మృగాంకుడికీ కువలయకీ ఏడు రోజుల పెళ్లి జరిగింది. వాళ్లు నిండు నూరేళ్లు రాజ్యమేలారు. బాతు అడవి బాతుల గుంపులో కలిసి దేశదేశాలూ తిరుగుతోంది. కరాళుడు కిందనుంచి పరుగెడుతూ, "మెల్లగా తల్లీ, డేగలుంటాయి!" అని అరుస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వాడికి ఎవర్నీ రాయి చేసే తీరిక లేదు.