మడ చెట్ల పక్క పాయ

గవ్వలపేట అనే చిన్న జాలరి పల్లెలో ఎల్లాజీ అనే మనిషి ఉండేవాడు. కష్టజీవే కానీ, తనకు తెలిసిన మంచి సంగతి ఒక్కటి కూడా ఇంకొకరి చెవిన పడనిచ్చేవాడు కాడు. చేపలు ఎటు తిరుగుతున్నాయని ఎవరైనా అడిగితే, తెప్ప నిండా చేపలు పెట్టుకుని కూడా "ఏమో, నాకేం కనబడలేదు" అనేవాడు.

ఆ పల్లె పక్కనే ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును వాళ్లు మొగ అంటారు. వేటకు పోయినవాళ్లు మొగ దాటే ఇంటికి రావాలి. ఒక ఏడు వచ్చిన తుఫాను మొగలో పెద్ద ఇసుక మేట వేసి పాత దారిని పూడ్చేసింది. అప్పటినుంచి పడవలు మేట అవతలే ఆగి, పోటు వచ్చి నీళ్లు పెరిగేదాకా కాచుకునేవి. ఈలోగా ఎండకు చేపలు మెత్తబడిపోయేవి.

ఎల్లాజీ ఒంటరిగా వేటకు పోయేవాడు. ఒకనాడు మొగకు దక్షిణాన, మడ చెట్లను ఆనుకుని సన్నటి పాయ ఒకటి అతని కంటబడింది. గెడ కర్ర దింపి చూశాడు. అడుగు తగల్లేదు. ఆనాటినుంచి చెట్ల చాటున ఆ దారినే వచ్చి, అందరికంటే ముందు తాజా చేపలు అమ్ముకునేవాడు.

"పక్కింటి మసేను వాళ్లకైనా చెప్పరాదా? నీకు జ్వరమొస్తే మనింటికి కూర చేపలు పంపింది వాళ్లే కదా" అంది అతని భార్య సీతాలు.

"వెతుక్కున్నది నేను. వాళ్లనూ వెతుక్కోమను" అన్నాడు ఎల్లాజీ.

కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. ఎల్లాజీ తన పాయలోంచి క్షేమంగా ఒడ్డుకు చేరాడు. మిగతావాళ్లు ఆ రోజు దగ్గర్లోనే వేటాడి, పొద్దుటి పోటుకే మొగ దాటి వచ్చేశారు. మసేను, అతని తమ్ముడు దాసు ఉన్న పడవ మాత్రం మేట అవతల కెరటాల మీద ఊగిపోతోంది. వాళ్లు పోటు కోసం కాచుకుంటున్నారు. ఒడ్డున ఆడవాళ్లు సముద్రానికి దండాలు పెడుతూ ఏడుస్తున్నారు.

మడ చెట్ల దగ్గరికి పరిగెత్తి, తలగుడ్డ విప్పి ఊపితే చాలు, వాళ్లు పడవను పాయలోకి తిప్పుకుంటారు. ఎల్లాజీకి ఆ సంగతి తెలుసు. రెండడుగులు వేశాడు కూడా. 'ఈ రోజు చూపిస్తే రేపు ఊరంతా నా దారిలోనే ఉంటుంది. పోటు ఎక్కుతోందిగా, వాళ్లే వచ్చేస్తారు' అనుకున్నాడు. వెనక్కి వచ్చి వలలోంచి చేపలు తీస్తూ కూర్చున్నాడు.

ఇంతలో ఒక పెద్ద కెరటం పడవను ఎత్తి మేట మీద కొట్టింది. పడవ తిరగబడింది. అప్పుడు ఎల్లాజీ లేచి, అందరికంటే ముందు నీళ్లలోకి దూకాడు. దాసు చేతికి అందాడు. మసేను అందలేదు.

మర్నాడు మసేను శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కాసులమ్మ, ఎల్లాజీ వైపు చూసింది.

"నీ తెప్ప నిన్న ఎటునుంచి వచ్చింది నాయినా?"

ఎల్లాజీ ఇక దాచలేకపోయాడు. చెట్ల వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ లోతు ఉందమ్మా" అన్నాడు.

"ఆ చెయ్యి నిన్న చూపించి ఉంటే సరిపోయేది కదరా" అంది కాసులమ్మ. ఆమె గొంతు లేవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఎల్లాజీ పక్కనుంచి దూరంగా జరిగారు.

ఆ తర్వాత పడవలన్నీ ఆ పాయలోంచే వచ్చేవి. ఊళ్లో ఎవరూ ఎల్లాజీని తిట్టలేదు, కొట్టలేదు. కానీ అతని తెప్పను ఒడ్డుకు లాగడానికి ఒక్కరూ చెయ్యి వేసేవారు కాదు. సీతాలు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. కాసులమ్మ గుడిసె ముందునుంచి పోవలసి వచ్చినప్పుడల్లా ఎల్లాజీ తల వంచుకుని పోయేవాడు. ముసలితనం వచ్చేదాకా అలాగే బతికాడు.

ఆపదలో ఉన్నవాడికి తెలిసిన దారి చూపకుండా ఊరుకోవడం, వాణ్ణి చేతులారా ముంచడంతో సమానం.